యాళి నోటి ప్రశ్న

సూర్యుడు తూర్పు కొండల మీద మూరెడు ఎత్తు లేచేసరికి ధవళకోట పాలలో కడిగిన శంఖంలా మెరిసిపోతోంది. రెండు తాడిచెట్లు నిలువునా పేర్చినంత ఎత్తు ప్రాకారాలు, ప్రాకారాల మీద చంద్రకాంత శిలల బురుజులు, బురుజుల నీడన నెమళ్ళు పురివిప్పే ఉద్యానాలు. ఆ కోట నడిబొడ్డున, రేకులు విచ్చిన తెల్లతామరలా విద్యామండపం. మూడువందల స్తంభాలు, స్తంభానికొక శాస్త్రం, అన్నిటికీ కలిపి ఒకే ఒక్క ద్వారం. ఆ ద్వారం నెత్తిన సింహపు జూలు, ఏనుగు తొండం, మొసలి దవడలు కలబోసుకున్న రాతి యాళి నోరు తెరుచుకుని కూర్చుంది.

ఆ మండపంలో ప్రతి రాయినీ కొట్టింది నల్లదీవి జనం. మూడు తరాల క్రితం ధవళ రాజులు సముద్రం దాటి దండెత్తి, నేరేడుపండు రంగు మేనుల ఆ దీవి జనాన్ని ఓడల అడుగున కట్టిపడేసి తెచ్చారు. తాతలు పునాదులు తవ్వారు. తండ్రులు స్తంభాలు నిలబెట్టారు. మనవలలో ఒక్కరు కూడా ఆ గడప దాటి ఒక్క అక్షరం దిద్దలేదు.

ఏటా ఒక రోజు అక్షరోత్సవం. ఏడేళ్ళ బిడ్డలంతా ఒక్కొక్కరే వచ్చి యాళి ముందు నిలబడాలి. యాళి తలా ఒక ప్రశ్న వేస్తుంది. జవాబు చెప్పిన బిడ్డకు తలుపులు తెరుచుకుంటాయి, చెప్పలేని బిడ్డ వెనక్కి పోవాలి. "అందరికీ ఒకే తలుపు, అందరికీ తలా ఒక ప్రశ్న. ఇంతకన్నా సమానం ఇంకెక్కడుంది?" అంటాడు రాజగురువు శంఖపాలుడు, ప్రతి సభలోనూ గడ్డం నిమురుకుంటూ.

ఆ రోజు వరుస చివర నల్లదీవి పిల్లలు నలభైమంది నిలబడ్డారు. వాళ్ళను వెంటబెట్టుకొచ్చింది ఎల్లసిరి. ఇరవై రెండేళ్ళ పడుచు, రాతిపనివాళ్ళ ఇంటి పిల్ల. శాసనాల గీతలు చూసి చెక్కడమే కాని, చదవడం ఎవరూ నేర్పని కుటుంబం వాళ్ళది. ఆమె తండ్రి గుండన్న మాత్రం చెక్కి చెక్కి, ఏ గీతకు ఏ పలుకో తనంతట తానే కనిపెట్టాడు. కూతురికి రాతిపొడిలో వేలితో రాసి నేర్పాడు. ఆ సంగతి కోటలో ఎవరికీ తెలియదు.

పన్నెండేళ్ళ క్రితం సత్యసేన మహారాజు కన్నుమూసే ముందు, బిడ్డలందరూ ఒకే కప్పు కింద చదువుకోవాలని శాసనం చెక్కించాడు. చెక్కింది గుండన్నే. మర్నాడు ఆ రాయీ లేదు, గుండన్నా లేడు. ఆ రాజ్యంలో రాతి మీద ఉన్నదే చట్టం. "శాసనమా? ఏదీ, చూపించండి," అని కోటవాళ్ళు నవ్వేవారు.

దీవి పిల్లల వంతు వచ్చేసరికి మధ్యాహ్నం కావస్తోంది. ముందున్న వజ్రాల వర్తకుడి కొడుకు యాళి ఎదుట నిలబడ్డాడు. యాళి కళ్ళు నిప్పుకణికల్లా వెలిగాయి. గుహలోంచి వచ్చినట్టు గొంతు మోగింది.

"ఆవుకు కాళ్ళెన్ని?"

"నాలుగు!"

మేళాలు మోగాయి. తలుపులు తెరుచుకున్నాయి. ఆ వెనకే ఎల్లసిరి అక్క కూతురు ముత్తి, దువ్విన జడలు భుజాల మీద ఎగురుతుండగా ముందుకు నడిచింది.

"సముద్రంలో ఎన్ని కడవల నీళ్ళున్నాయి?" అంది యాళి.

ముత్తి ఒక్క క్షణం ఆలోచించింది. తల ఎత్తి, "ఏ కడవతో కొలవాలో చూపించండి. కొలిచి చెబుతా," అంది.

జనం గొల్లుమన్నారు. ఎవరో "భళా!" అన్నారు కూడా. శంఖపాలుడు ఆసనం మీంచి లేచాడు. ఎండిన తాటిమట్టలాంటి మనిషి. మెడలో పాము ఎముకల మాల. ఆ కళ్ళకు రెప్పవేయడం తెలియదు.

"ప్రశ్నకు ఎదురుప్రశ్న అవిధేయత. వెనక్కి పంపండి!"

ఎల్లసిరి గబగబా వచ్చి ముత్తి పక్కన నిలబడింది. "గురువుగారూ, ఆ అబ్బాయికి ఆవు, మా పిల్లకు సముద్రమా?"

"యాళి ఏం అడుగుతుందో నాకేం తెలుసమ్మాయీ? అది రాయి. రాయికి పక్షపాతం ఉంటుందా?"

"పన్నెండేళ్ళుగా చూస్తున్నాం. మా వాళ్ళలో ఒక్కరికీ ఆవు రాలేదు!"

"మీకు వేరే బడి పెట్టించాం కదా. అంతకంటే ఏం కావాలి?"

ఎల్లసిరికి అరికాలి మంట నెత్తికెక్కింది. "అదా బడి? మేకల్ని తోలేసి మమ్మల్ని తోలిన కొట్టం అది! నలుగురు పిల్లలకు ఒక పలక. మీరు చెదలు పట్టాయని పారేసిన తాటాకులే మాకు గ్రంథాలు. సగం లెక్కను పురుగు తినేసింది, మిగిలిన సగం మా పిల్లలు ఊహించుకోవాలి. పున్నమికొకసారి వచ్చే పంతులు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని, వాకిట్లో నిలబడి కేకలేసి పోతాడు. మళ్ళీ మీరే అంటారు, వీళ్ళకు చదువు అబ్బదని!"

ఛెళ్ళున కొరడా మోగింది. దండనాయకుడు భల్లటుడి దెబ్బ ఆమె భుజం మీద నెత్తుటి గీత గీసింది. ఆమె వెనక్కి తగ్గలేదు. అయితే ఆ క్షణంలో ఆమె చూస్తున్నది భల్లటుణ్ణి కాదు, యాళిని. దాని ముక్కుపుటంలోంచి చిటికెడు రాతిపొడి ఎగిరింది. ఆగింది. మళ్ళీ ఎగిరింది.

రాయి ఊపిరి తీస్తుందా?

ఇంతలో భోజన విరామానికి శంఖం ఊదారు. పెద్దలంతా విందుశాలకు కదిలారు. ఎల్లసిరి పిల్లల దగ్గరికి పరుగెత్తి, వాళ్ళకు కాపలాగా వచ్చిన ముసలి నాంచారి చెవిలో, "అవ్వా, వీళ్ళలో ఒక్కరు కూడా ఇంటికి పోకూడదు. నేను వచ్చేదాకా వరుస చెదరనీయకు," అంది.

"నువ్వెక్కడికే?"

"దాని కడుపులోకి."

మండపం వెనక, పచ్చగా నాచు పట్టిన మొసళ్ళ అగడ్త ఉంది. వానాకాలంలో ద్వారం మీద పడిన నీళ్ళు యాళి కడుపులోంచి తూము గుండా ఆ అగడ్తలోకి దిగేలా కట్టింది ఆమె తాతే. తూము నోరు నీటికి జానెడు పైన, అవతలి ఒడ్డున కనబడుతోంది. ప్రాకారానికి మరమ్మతు చేస్తున్న దీవి కూలీల దగ్గర కాల్చిన సున్నపురాళ్ళ మూట ఒకటి అందుకుని, నడుముకు ఉలి దోపుకుని, మూట తడవకుండా నెత్తిన పెట్టుకుని ఆమె నీళ్ళలోకి దిగింది.

నాలుగు బారలు ఈదిందో లేదో, నాచు కదిలింది. దూలమంత మొసలి నీటిని చీల్చుకుంటూ వచ్చింది. ఎల్లసిరి వెల్లకిలా తిరిగి, మూట ముడి పళ్ళతో లాగి, సున్నపురాళ్ళన్నీ దాని నోట్లోకి కుమ్మరించింది. నీళ్ళు తగిలిన సున్నం బుసబుస పొంగి మరిగింది. మొసలి తోకతో అగడ్తను చిలికి, పొగలు కక్కుతూ అడుగుకు పోయింది. ఆ అలే ఆమెను ఎత్తి తూము రాతికి కొట్టింది. మోచేయి చీరుకుపోయినా పట్టు వదలకుండా, ఆమె పాములా లోపలికి పాకింది.

తూము నిటారుగా పైకి లేచింది. వీపు ఒక గోడకు, పాదాలు ఇంకో గోడకు ఆనించి ఎక్కింది. పైన చిన్న గది. యాళి కళ్ళలోంచి రెండు వెలుగు కడ్డీలు లోపలికి పడుతున్నాయి. ఆ వెలుగులో ఒక మనిషి ఉన్నాడు.

నడుము దాకా రాయి. పైన మనిషి. నెరిసిన జుట్టు నేలను తాకుతోంది. నోటికి ఎదురుగా శంఖం ఆకారంలో రాతిగొట్టం. ఆ గొట్టంలోంచి మాట్లాడితే గొంతు యాళి గొంతు అవుతుంది.

"అయ్యా!" అంది ఎల్లసిరి.

గుండన్న కళ్ళెత్తాడు. ఆ కళ్ళు నిండిపోయాయి. పెదాలు కదిపాడు, ధ్వని లేదు. శంఖపాలుడి మంత్రం అతని నాలుకను కట్టేసింది. ఎదుట ఏ తాటాకు పెడితే అది చదవడానికే ఆ నాలుక కదులుతుంది. అతని ముందు రెండు కట్టలున్నాయి. ఒకదానికి తెల్లదారం. ఒకదానికి నల్లదారం. ఎల్లసిరి తెల్లకట్ట విప్పింది. ఆవుకు కాళ్ళెన్ని. నీ పేరేమిటి. ఆకు ఏ రంగు. నల్లకట్ట విప్పింది. ఆకాశంలో నక్షత్రాలెన్ని. నిన్నటి గాలి ఈ రోజు ఎక్కడుంది. సముద్రంలో ఎన్ని కడవల నీళ్ళు.

యాళి కంటి దగ్గర ఒక పీట. అక్కడ కూర్చున్నవాడు కిందికి చూసి, బిడ్డ మేని రంగును బట్టి ఆకు తీసి పెడతాడు. అంతే. ఆ ప్రశ్నల్లో ఇంద్రజాలమూ లేదు, దైవపరీక్షా లేదు. పన్నెండేళ్ళుగా నల్లదీవి బిడ్డల్ని వెనక్కి తరిమిన గొంతు, నల్లదీవి మనిషిదే. ఇందాక తన మనవరాలిని వెళ్ళగొట్టిన మాటను ఈ ముసలి నోట పలికించారు.

ఎల్లసిరి ఉలి తీసి, రాయి మీద ఎత్తింది. గుండన్న వద్దన్నట్టు ఆమె చేయి పట్టుకున్నాడు. నేల మీది రాతిపొడిని అరచేత్తో చదును చేసి, వేలితో రాశాడు. అతని నాలుకను కట్టేసినవాళ్ళకు, వేళ్ళను కూడా కట్టేయాలని తోచలేదు. రాళ్ళు కొట్టేవాడికి రాయడం వస్తుందని వాళ్ళు కలలో కూడా అనుకోలేదు.

'శాసనం పగలదు. సుత్తి ఎత్తినవాళ్ళంతా చచ్చారు. అందుకే గురువు బోర్లా వేశాడు.'

"ఎక్కడయ్యా?"

'ద్వారం గడప.'

తెల్లబిడ్డలు రోజూ తొక్కుకుంటూ లోపలికి నడిచే ఆ గడపే, తమ బిడ్డల్ని లోపలికి రమ్మన్న రాజు మాట! గుండన్న మళ్ళీ రాశాడు. 'అక్షరాలకు ఎండ తగిలి, ఒక బిడ్డ నోట చదివితే మంత్రం పోతుంది.'

అతను ఇంకేదో రాయబోతుండగా మెట్ల మీద అడుగుల చప్పుడు. ఎల్లసిరి రెండు దారాలూ పటపటా లాగి, ఆ కట్టకిదీ ఈ కట్టకదీ చుట్టి, స్తంభం చాటుకు తప్పుకుంది. శంఖపాలుడి శిష్యుడు చండకుడు విందు భోజనంతో ఆయాసపడుతూ వచ్చి పీట మీద కూలబడ్డాడు.

కింద మేళాలు మొదలయ్యాయి. పిల్లలు మళ్ళీ ముందుకు కదిలారు. మహామంత్రి భూరివర్మ తన ముద్దుల కొడుకును పట్టుచాపల మీద నడిపించుకుంటూ తెచ్చి, వరుసలో అందరికన్నా ముందు నిలబెట్టాడు. చండకుడు కంటి రంధ్రంలోంచి చూశాడు, త్రేన్చాడు, తెల్లదారం కట్టలోంచి ఆకు తీసి గుండన్న ముందు పెట్టాడు.

"ఆకాశంలో నక్షత్రాలెన్ని?"

మేళాలు ఆగిపోయాయి. పిల్లవాడు తండ్రి వైపు చూశాడు. తండ్రి శంఖపాలుడి వైపు చూశాడు. పిల్లవాడు భోరుమన్నాడు. చండకుడికి ఏమీ అర్థం కాలేదు. తర్వాత నిలబడింది నాంచారి తోసి పంపిన దీవి పిల్లవాడు. చండకుడు అలవాటుగా నల్లదారం కట్టలోంచి ఆకు తీశాడు.

"నీ పేరేమిటి?"

"కొండి!"

తలుపులు బార్లా తెరుచుకున్నాయి. కొండి లోపలికి నడిచాడు. మూడు తరాలలో మొదటివాడు.

"అన్యాయం!" అని అరిచాడు భూరివర్మ, తలపాగా జారిపోతుండగా. "ఇదేం ప్రశ్న? ఏడేళ్ళ పసివాణ్ణి నక్షత్రాలు లెక్కపెట్టమంటారా? ఏ మనిషన్నవాడైనా ఇలా అడుగుతాడా?"

ఎల్లసిరి ఇక ఆగలేదు. చాటునుంచి దూకి చండకుణ్ణి పీటతో సహా తూములోకి తన్నింది. రాతిగొట్టానికి నోరు ఆనించింది. యాళి నోరు ఈసారి ఆడగొంతుతో కోటంతా మోగింది.

"మంత్రిగారూ! ఈ ప్రశ్న మీ అబ్బాయికి ఒక్క పూటే తగిలింది. మా బిడ్డలకు పన్నెండేళ్ళుగా తగులుతోంది. ఒక్కనాడైనా మీకు అన్యాయం అనిపించిందా? ఈ యాళి కళ్ళ వెనక మనిషి కూర్చుని, బిడ్డ రంగు చూసి ప్రశ్న వేస్తున్నాడు. రాయికి పక్షపాతం లేదు, రాయి చాటున ఉన్నవాడికి ఉంది! ప్రాకారం మీది అన్నలారా, గడ్డపారలతో రండి! ఈ గడప తిప్పండి! సత్యసేన మహారాజు మాట దాని కింద బోర్లా పడి ఉంది!"

పరంజాల మీంచి ముప్పైమంది కూలీలు దూకారు. భల్లటుడి భటులు కత్తులు దూశారు. నాంచారి పిల్లల వరుసను తెచ్చి సరిగ్గా ఆ కత్తులకు అడ్డంగా నిలబెట్టి, "పొడవండిరా, ఏ బిడ్డనో మీరే ఎంచుకోండి!" అంది. భటుల చేతులు ఆడలేదు. గడ్డపారలు గడప కిందికి దిగాయి.

శంఖపాలుడు పాము ఎముకల మాల తెంచి గాలిలోకి విసిరాడు. ఎముకలు కిటకిటలాడుతూ యాళి నోట్లోకి దూరి, ఎల్లసిరి పాదాలకు చుట్టుకున్నాయి. పాదాలు చల్లబడ్డాయి. వేళ్ళు రాయి. మడమలు రాయి. మోకాళ్ళు రాయి. ఆమె గొట్టాన్ని వదల్లేదు.

"ఎత్తండన్నా! ఇంకొక్క పట్టు!"

రాయి లేచింది. నిలువునా నిలబడింది. వెల్లకిలా పడింది. పన్నెండేళ్ళ మట్టిని ముత్తి తన పరికిణీ అంచుతో తుడిచింది. ఎండ అక్షరాల మీద పడింది. పిన్ని మేకల కొట్టంలో నేర్పిన చదువుతో, కూడబలుక్కుంటూ, గట్టిగా చదవడం మొదలుపెట్టింది.

"ఈ నేల మీద పుట్టిన ప్రతి బిడ్డా... ఒకే కప్పు కింద... ఒకే గురువు ఎదుట... కూర్చుని చదువుకోవాలి. దానికి ఏ ద్వారమూ, ఏ..."

ముత్తి ఆగిపోయింది. రాయి అక్కడితో అయిపోయింది. దాని అంచు రంపంతో కోసినట్టు నున్నగా ఉంది.

ఎల్లసిరి కాళ్ళను రాయి వదిలేసింది. ఎముకలు పొడిపొడిగా రాలాయి. చదివింది సగమే కనుక, గుండన్న నాలుక విడిపోయింది కాని, నడుము కింద రాయి రాయిగానే ఉండిపోయింది. శంఖపాలుడు విరగబడి నవ్వాడు.

"దండనాయకా, రాజముద్ర ఏదీ? ముద్ర లేని రాయి శాసనమా?"

భల్లటుడు ఆ రాతిని చూశాడు, ఈలోగా నాంచారి గడప దాటించగా మండపంలో బాసింపట్టు వేసుకుని కూర్చున్న పిల్లల్ని చూశాడు. అతని మొహం ఎర్రబడింది. "రాతి మీద ఉన్నదే చట్టం. సగం శాసనం ఉంది. రేపు పొద్దుగుంకేలోగా ముద్ర ఉన్న మిగతా సగం వస్తే వీళ్ళు లోపలే ఉంటారు. రాకపోతే ఒక్కొక్కరినీ బయటికి ఈడుస్తాను. ఇదే నా మాట."

"అమ్మీ!" గుండన్న గొంతు పన్నెండేళ్ళ తర్వాత సొంతమాట పలికింది. "అక్షరం లేని చోట చూసి నా చేతే కోయించాడు! రెండో సగం కాకులకొండ గుహలో ఉంది! వాడు జపానికి కూర్చునే పీట అదే!"

శంఖపాలుడి నవ్వు ఆగిపోయింది. మరుక్షణం అతని ఉత్తరీయం రెక్కలైంది, ముక్కు కొంకి తిరిగింది. ఏనుగుగున్నంత రాబందు ఒకటి కోట బురుజును రాసుకుంటూ ఉత్తరానికి ఎగిరింది. దానికన్నా ముందు ఆ గుహ చేరాలి.

ఎల్లసిరి యాళి నోట్లోంచి దాని తొండం మీదికి, తొండం మీంచి కిందికి జారి, భూరివర్మ తెల్లగుర్రం వీపు మీద పడింది. "ఓసి, నా గుర్రం!" అని మంత్రి కేకపెట్టేలోపు కోట ద్వారం దాటేసింది.

వెనక మండపంలోంచి నలభై గొంతులు ఒక్కసారిగా లేచాయి. ఉన్న సగం శాసనాన్నే చదువుతున్నారు. అయిపోగానే మళ్ళీ మొదటికి వస్తున్నారు. ఎల్లసిరి ఆ గొంతులు వినబడినంతసేపు వింటూ, గుర్రాన్ని దౌడు తీయించింది.

కాకులకొండ లోయ ఎదురైంది. అడుగు కనబడని లోతు. దాని మీద ఒకే ఒక్క తాళ్ళ వంతెన. రాబందు వంతెన మీదుగా వెళుతూ ముక్కు తెరిచి నిప్పు కక్కింది. వంతెన ఈ కొస నుంచి ఆ కొసకు భగ్గున అంటుకుంది. తాళ్ళు ఒక్కొక్కటే తెగి మంటలతో లోయలోకి రాలుతున్నాయి.

గుర్రం బెదిరి ముందుకాళ్ళు ఎత్తింది. ఎల్లసిరి దాని మెడ మీదికి వంగి, చెవి దగ్గర, "మంత్రిగారి గుర్రానివి. ఇన్నాళ్ళూ అన్నీ నీకు తేలికే. ఈ ఒక్కసారి మాలాగా దూకు," అంది.

కళ్ళెం వదిలేసింది. డెక్కలు అంచు రాతిని తన్నాయి. గుర్రమూ ఆమే మంటల మీదుగా గాలిలోకి లేచారు.